కాల్చి చూసిన పోగు

నవంబర్ 10, సోమవారం

నిన్న నా నిశ్చితార్థం కాలేదు.

ఈ డైరీ అందుకోసం కొన్నది కాదు. కాలేజీ సైన్స్ ప్రదర్శనలో ఈ నెలాఖరుకు నేనొక ఉపన్యాసం ఇవ్వాలి, దానికి నోట్సు రాసుకుందామని కొన్నాను. కాబట్టి నోట్సే రాస్తాను. నిన్నటి సంగతి రాయను. రాయడానికి అందులో ఏముంది గనక.

క్రిస్టియన్ ఫ్రెడ్రిక్ షోన్‌బైన్. జర్మనీలో పుట్టి, స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో పాఠాలు చెప్పుకున్న కెమిస్ట్రీ పంతులు. మన ముత్తాతల ముత్తాతల కాలం మనిషి. హైడ్రోజన్, ఆక్సిజన్ ప్లాటినం దగ్గర కలుసుకుంటే కరెంటు పుడుతుందని చూశాడు. దాన్నే ఇప్పుడు ఫ్యూయల్ సెల్ అంటున్నాం, దాంతో బస్సులు కూడా నడుపుతున్నారు. పేరు మాత్రం ఇంకొకాయనకు పోయింది. ఓసారి ప్రయోగశాలలో ఏదో కొత్త వాసన తగిలితే, ముక్కు పట్టుకుని దాని వెంట పడి ఓజోన్ కనిపెట్టాడు. ఇంకోసారి దూదిని ఆమ్లాల్లో ముంచి పేలే దూది చేశాడు. ఆ తర్వాత ఫ్రాన్సులో ఒకాయన అలాంటి దూదిని కరిగించి, దారంగా లాగి, మొదటి కృత్రిమ పట్టు చేశాడు. అంటే మనం కట్టుకునే సగం బట్టలకు ఈయన దూరపు తాత అవుతాడు.

వంటింట్లో ప్రయోగాలు చేయొద్దని ఆయన భార్య కట్టడి చేసిందట. ఆమె ఇంట్లో లేనప్పుడు చేశాడట. ఆమ్లం ఒలికింది. చేతికి దొరికిన ఆమె ఏప్రాన్‌తో తుడిచి, పొయ్యి దగ్గర ఆరేశాడు. భగ్గుమని మాయమైంది. కట్టుకథే అంటారు. అయినా ఏటా క్లాసులో చెప్తాను, పిల్లలు నవ్వుతారు. చివర్లో ఏటా ఒక మాట కూడా అంటాను: బట్ట దగ్గరికి నిప్పు తీసుకుపోయే ముందు అది ఎవరిదో చూసుకోండి అని.

నిన్న నేను చూసుకోలేదు.

ఇక రాయను.

నవంబర్ 11, మంగళవారం

లక్ష్మణ్ ఫోన్ చేయలేదు. నేను ఎదురు చూడలేదు కూడా. ఫోన్ చార్జింగులో పెట్టాను, అది సరిగ్గా ఎక్కుతున్నదా లేదా అని మాటిమాటికి చూశాను, అంతే.

నవంబర్ 13, గురువారం

రాసేస్తేనే పోయేటట్టుంది. రాసి అవతల పడేస్తాను.

మాది పద్మశాలి ఇల్లు. బాపు సిరిసిల్లలో చాలా ఏళ్లు మరమగ్గాలు నడిపి, మోకాళ్లు అరిగాక కరీంనగర్ వచ్చి నా దగ్గర ఉంటున్నాడు. మా ఇళ్లలో కొత్త బట్ట వస్తే ముందు దాని రంగు చూడరు. అంచులోంచి ఒక పోగు లాగి, నిప్పుకు పట్టి, వాసన చూస్తారు. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. కాగితం వాసన వస్తే నూలు. ముద్ద కట్టి గోటికి గట్టిగా తగిలితే మిల్లుల్లో మందులు కలిపి తీసిన దారం. పెండ్లి చీర అయినా సరే, మగపిల్లవాడి వైపు వాళ్లు తెచ్చింది లోపలి గదిలోకి రాగానే మా ఆడవాళ్లు ఈ పని కానిచ్చేస్తారు. వాళ్లూ మా చీరల్ని అట్లాగే చూస్తారు. ఎవరూ తప్పు పట్టరు. కానీ దీనికొక పద్ధతి ఉంది. కాల్చి చూస్తారు, బయటికి అనరు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, చీర మడతపెట్టి, ‘మంచిగుంది’ అంటారు. ఏ వాసన వచ్చినా మాట అదే.

ఈ పద్ధతి నాకు తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నాను. మధ్యలో డిగ్రీలు ఎక్కువయ్యాయి.

ఆదివారం ఫంక్షన్ హాల్లో, పక్క గదిలో, నన్ను తయారు చేస్తున్నారు. లక్ష్మణ్ వాళ్ల అమ్మ కనకవ్వ తెచ్చిన చీర నా చేతిలో పెట్టారు. పసుపుపచ్చ చీర, ఎర్ర అంచు, మంచి మెరుపు. లక్ష్మణ్ చెల్లె మంజుల నాకు కుచ్చిళ్లు పెట్టడానికి వచ్చి నిలబడి ఉంది. మా చిన్నమ్మ కొమురవ్వ చీర అంచు పట్టుకుని, “ఏంది కెమిస్ట్రీ మేడమూ, నువ్వే చూసి చెప్పు” అంది. అందరూ నవ్వారు. అందరూ నా వైపు చూశారు. గదినిండా ఆడవాళ్లు, అంతా నన్నే చూస్తున్నారు. నన్ను చూసి వెళ్లిన సంబంధాల వాళ్లు కూడా ఎప్పుడూ ఇంత శ్రద్ధగా చూడలేదు.

హారతి పళ్లెంలో అగ్గిపెట్టె ఉంది. పోగు లాగాను. కాల్చాను. పోగు ముడుచుకుని నల్లగా ముద్ద కట్టింది. వాసన చూశాను. ఏ వాసనో ఇప్పుడు అనవసరం.

“ఇది పట్టు కాదు, నకిలీ” అన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఏదో సర్దుకునేవాళ్లేమో. నేను ఆగలేదు. పట్టు ప్రోటీను గనక వెంట్రుక వాసన ఎందుకొస్తుందో, నకిలీ దారం ఎందుకు కరుగుతుందో, వెనక బెంచీలకు కూడా వినపడే గొంతుతో వివరించాను. మంజుల మొహం తెల్లబోయింది. నేను దాన్ని అర్థం కాకపోవడం అనుకుని, ఇంకోసారి చెప్పాను.

తలుపు దగ్గర పూలపళ్లెం పట్టుకుని కనకవ్వ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. పళ్లెం కింద పెట్టింది. నా చేతిలోంచి చీర తీసుకుంది, మడత మీద మడత పెట్టింది, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక మంజుల. వాళ్ల వెనక వాళ్ల వాళ్లందరూ. లక్ష్మణ్ మెట్ల దగ్గర ఒక్కసారి తిరిగి చూశాడు. బగారా అన్నం గిన్నెల మూతలు కూడా తీయలేదు. మా వైపు ఫంక్షన్‌కు వచ్చి తినకుండా లేచిపోయారంటే, ఇక చెప్పేదేముంది.

అయినా నేను చెప్పింది నిజం. కావాలంటే ఏ ల్యాబులో అయినా పరీక్ష చేయించుకోవచ్చు.

నవంబర్ 14, శుక్రవారం

నేను చెప్పింది నిజం.

నవంబర్ 15, శనివారం

లక్ష్మణ్‌లో లోపాలు. చెవుల మీద జుట్టు నెరిసింది. టీ చప్పుడు చేస్తూ తాగుతాడు. ఇంకా ఉన్నాయి, గుర్తొచ్చాక రాస్తాను.

నవంబర్ 16, ఆదివారం

గుర్తు రాలేదు.

నాకు ముప్పై ఐదు. లక్ష్మణ్‌కు ముప్పై ఎనిమిది. లక్సెట్టిపేటలో ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపు. చూడ్డానికి వచ్చినప్పుడు, మమ్మల్ని మాట్లాడుకోమని బాల్కనీలోకి తోశారు. ఇట్లా బాల్కనీలోకి తోయించుకోవడం నాకు అలవాటే. వచ్చిన వాళ్లలో కొందరు నా జీతం అడిగారు, ఒకాయన బీపీ ఉందా అని అడిగాడు. నేనూ తక్కువ దాన్ని కాదు. ఒకాయన బూట్ల పాలిష్‌లో ఏముంటుందో తెలియకుండానే వేసుకుంటున్నాడని వద్దన్నాను.

లక్ష్మణ్ మాత్రం మీరు ఏం చదువుతుంటారు అని అడిగాడు. షోన్‌బైన్ గురించి చదువుతున్నానని చెప్పాను. నా ఫ్యూయల్ సెల్ పురాణం మొదలైంది. నీళ్లలోకి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయి, ఆ రెండూ మళ్లీ కలిసేటప్పుడు కరెంటు వెనక్కి వస్తుంది, మీ షాపులో బ్యాటరీ చార్జ్ అయిపోతే మూలకు పడుతుంది గానీ దీనికి గ్యాసు ఇస్తూ ఉన్నంతసేపు ఇస్తూనే ఉంటుంది. ఇలాంటప్పుడు ఎదుటివాళ్లు ఫోన్ చూసుకుంటారు. లక్ష్మణ్ తల గోక్కుని, “జర సమజ్ కాలే. మళ్లొక్కసారి చెప్పుండ్రి” అన్నాడు.

నేను మళ్లీ చెప్పాను. ఆయన విన్నాడు. లోపలి నుంచి రెండుసార్లు పిలిచినా కదల్లేదు.

ఈ భూమ్మీద నన్ను ఇంకోసారి చెప్పమన్న మగమనిషి ఆయన ఒక్కడే. మా విద్యార్థులు కూడా అడగరు.

నవంబర్ 18, మంగళవారం

సెకండియర్ క్లాసులో ఆమ్లాల పాఠం. వెనక బెంచీ నుంచి ఎవరో అగ్గిపెట్టె గీసిన చప్పుడు చేశారు. నాకు ‘అగ్గిపెట్టె మేడం’ అని పేరు పెట్టారని తహసీన్ చెప్పింది. తహసీన్ మా ఫిజిక్స్ లెక్చరర్, స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ. కాలేజీలో నాతో గొడవ పడకుండా ఇంతకాలం ఉన్న మనిషి కూడా ఆమె ఒక్కతే. ఫోన్ చేసి మాఫీ అడుగు, ఐపోతది అంది. నిజం చెప్పినందుకు మాఫీ ఎందుకు అడగాలని నేనన్నాను.

“తిరుమలా, నువ్వు నిజం చెప్పలే. షో చేసినవ్” అంది తహసీన్.

ఆమెకు ఫిజిక్స్ తప్ప ఏమీ తెలియదు.

నవంబర్ 20, గురువారం

బాపు నాతో మాట్లాడటం లేదు. అంబదాస్ అంటే సిరిసిల్లలో పది మందిలో పరువు ఉన్న మనిషి. ఆ పరువు కాస్తా నేను అగ్గిపుల్లతో అంటించాను. అవ్వ మాత్రం, కన్నతల్లి కదా, మాట్లాడుతున్నది, ఆగకుండా మాట్లాడుతున్నది. ముప్పై ఐదేండ్లకు ఒక్క సంబంధం కుదిరితే, దానికి కూడా ప్రాక్టికల్స్ పెట్టావని. అవ్వ పేరు కమలవ్వ, ఇంటర్ దాకా చదివింది, ప్రాక్టికల్స్ అనే మాట ఎక్కడ గుచ్చాలో ఆమెకు బాగా తెలుసు.

సాయంత్రం బాపు టీవీ ముందు కూర్చుని, నా వైపు చూడకుండానే, “నీకు ఎరుకైంది నీ కడుపుల వెట్టుకోవాలె బిడ్డా. గదే మన కాడ పద్ధతి. పోగు కాలవెట్టుడు తప్పు గాదు” అన్నాడు.

సైన్స్ అబద్ధం చెప్పదు బాపూ అన్నాను.

బాపు టీవీ సౌండ్ పెంచాడు.

నవంబర్ 22, శనివారం

ఉపన్యాసం దగ్గర పడింది. ఈరోజు దూది నుంచి వచ్చిన దారాల భాగం రాసుకున్నాను. దూదిలో ఉండేది సెల్యులోజ్. దానికి నైట్రిక్ ఆమ్లం అంటిస్తే షోన్‌బైన్ పేలే దూది. దాన్నుంచి వచ్చిన మొదటి కృత్రిమ పట్టు చాలా అందంగా ఉండేది, నిప్పు తగిలితే క్షణంలో అంటుకునేది, అందుకని మానేశారు. తర్వాతి వాళ్లు తెలివిగా నైట్రిక్ బదులు ఎసిటిక్ ఆమ్లం నుంచి వచ్చే మందు పెట్టారు. అంటే సిర్కాలో, అదే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. దాంతో వచ్చిన దారం ఎసిటేట్. షోన్‌బైన్ దూదికి చిన్నాయన బిడ్డ వరస. పేలదు. మెరుస్తుంది. కాలిస్తే ముడుచుకుని ముద్ద కడుతుంది, పుల్లటి వాసన

పుల్లటి వాసన వస్తుంది.

నవంబర్ 22, సాయంత్రం

సిర్కా వాసన.

నవంబర్ 23, ఆదివారం

ఆ గదిలో నాకు తగిలింది ఆ వాసనే. పాలిస్టర్ వాసన కాదు. నాకు అప్పుడే తెలుసు. ‘ఇది ఎసిటేట్, ఈ దారం ఇప్పుడు మన దగ్గర ఎవరూ చీరలకు వాడరు, ఇది పాతది, ఎక్కడిది?’ అని నా బుర్రలో ఒక చిన్న గొంతు అడిగింది కూడా. అడిగేలోపే నా నోరు ‘నకిలీ’ అనేసింది. అన్న తర్వాత వెనక్కి తీసుకోవడం ఎట్లాగో నాకు రాదు. ఎప్పుడూ నేర్చుకోలేదు. అందుకే ఉపన్యాసం ఇచ్చాను.

ఇన్ని రోజులుగా ఇక్కడ ఆ వాసన తప్ప అన్నీ రాశాను. నా కోసం నేను రాసుకునే డైరీలో కూడా, పరీక్షలో కాపీ కొట్టినట్టు, నన్ను నేనే మోసం చేసుకున్నాను.

బాపు దగ్గరికి పోయి, ఎసిటేట్ దారం, అదే కృత్రిమ పట్టు, ఇటువైపు ఎక్కడ తీసేవాళ్లు అని అడిగాను. రెండు వారాల తర్వాత బాపు మొదటిసారి నా మొహం చూశాడు. ఆర్టుసిల్కా, ఎన్నడో మూతపడ్డ మిల్లు ఉండె గదా కాగజ్‌నగర్ దిక్కు, లక్ష్మణ్ వాళ్ల నాయన అండ్లనే చేసిండు, సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పలేదా నీకు అన్నాడు.

చెప్పాడు. అప్పుడు నేను కృత్రిమ పట్టు చరిత్ర చదువుకుంటున్నాను. విసిగించొద్దన్నాను.

నవంబర్ 24, సోమవారం

తహసీన్‌కు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. లంచ్ అవర్‌లో నా ఫోన్ లాక్కుని, నెంబరు చూసుకుని, తన ఫోన్‌తో లక్ష్మణ్‌కు చేసింది. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు మాట్లాడింది. నేను టిఫిన్ బాక్సు మూత తీసి పెట్టి, మళ్లీ మూసి పెట్టి, మళ్లీ తీశాను.

వచ్చి కూర్చుని చెప్పింది. కనకవ్వ కోడలికి గద్వాల పట్టుచీర కొనాలనుకుందట. పెట్టెలో దాచిన పాత చీర వద్దు, నలుగురిలో బాగుండదు అందట. లక్ష్మణే పట్టు పట్టాడట. నాయన మిల్లు దారంతో నేసిన చీర ఒక్కటే మిగిలింది, దాని విలువ ఈ ఒక్క పిల్లకే తెలుస్తుంది, ఆమె ఆ దారం పుట్టుక మీదనే ఉపన్యాసం ఇస్తున్నది, చేతిలో పెట్టగానే గుర్తుపడుతుంది చూడు అని తల్లిని ఒప్పించాడట.

గుర్తుపట్టాను.

నవంబర్ 25, మంగళవారం

అవ్వ అన్నం పెట్టి పిలిచింది. ఆకలి లేదన్నాను. నిజంగానే లేదు.

నవంబర్ 27, గురువారం

లక్ష్మణ్‌కు ఒక మెసేజ్ రాశాను. మొదటి వాక్యం క్షమించమని. రెండో వాక్యంలో సెల్యులోజ్ వచ్చింది. చెరిపేశాను. మళ్లీ రాశాను. ఈసారి మూడో వాక్యం దాకా రాలేదు. నాలుగో వాక్యంలో వచ్చింది. చెరిపేశాను.

నాకు ఆయన కావాలి. ఇది రాయడానికి ఇన్ని పేజీలు పట్టింది. మళ్లీ ఎవరో వస్తే నన్ను బాల్కనీలోకి తోస్తారు, ఆ వచ్చినవాడు నా జీతం అడుగుతాడు, నేను చెప్తాను, అంతే. నాకు అది వద్దు.

నవంబర్ 29, శనివారం

ఉపన్యాసం అయ్యింది. ఫ్యూయల్ సెల్ దగ్గర బాగానే చప్పట్లు కొట్టారు. ఏప్రాన్ కథకు నవ్వారు. కృత్రిమ పట్టు బొమ్మ తెర మీదికి రాగానే ముందు వరుసలో ఒకమ్మాయి, మేడం ఇది నకిలీ పట్టే కదా అని అడిగింది. కాదు, ఇది మనుషులు చేసిన పట్టు అన్నాను. ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నారు.

రేపు లక్సెట్టిపేట పోతున్నాను. ఇంట్లో గుడికి అని చెప్పాను. అవ్వ ఏ గుడి అని అడగలేదు. ఇస్త్రీ చేసిన చీర తెచ్చి కుర్చీ మీద పెట్టింది.

నవంబర్ 30, ఆదివారం

మొత్తం రాస్తాను.

బస్సులో ఆడవాళ్లకు ఉచితం గనక నిలబడటానికి కూడా పోటీ. సగం దూరం ఒక కోళ్ల గంప పక్కన నిలబడి, చెప్పాల్సిన మాటలు మనసులో దిద్దుకున్నాను. రాయపట్నం వంతెన మీదికి వచ్చేసరికి నా క్షమాపణకు ఉపోద్ఘాతం, విషయం, ముగింపు వచ్చాయి. లక్సెట్టిపేటలో దిగేసరికి ఒక్క ముక్క గుర్తులేదు.

ముందు షాపు, వెనక ఇల్లు. ఆదివారం గనక షట్టరు సగం దించి ఉంది. పక్క సందులోంచి లోపలికి పోతే కనకవ్వ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నది. ఆమెను ఏమని పిలవాలో ఆలోచించుకోలేదు. అత్తమ్మా అనే హక్కు పోగొట్టుకున్నాను. ఆంటీ అంటే చేట తిరగేసి కొడుతుందేమో. అరుగు ముందు చెప్పులు విప్పి నిలబడ్డాను.

ఆమె తలెత్తి చూసింది. నిదానంగా చూసింది.

“రా. అగ్గిపెట్టె తెచ్చుకున్నవా?” అంది.

లేదని తలూపాను. కూర్చోమంది. కూర్చున్నాను. చేయి ఊరికే ఉండలేక చిక్కుడుకాయలు తీసుకుని తుంచడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. నేను తుంచినవి మాత్రం పక్కకు తీసి మళ్లీ తుంచుకుంది, ఈనెలు సరిగ్గా తీయలేదని.

తప్పయింది అన్నాను. అప్పుడామె చెప్పింది. ఆయన చిన్నవయసులోనే ఆ మిల్లులో చేరాడట, దారం తీసే చోట. ఇంటికి వస్తే ఒళ్లంతా పుల్లటి వాసన కొట్టేదట. పెండ్లయిన కొత్తలో ఆ వాసన ఆమెకు పడలేదు, తర్వాత అది లేకపోతే నిద్ర పట్టేది కాదట. ఆ దారంతో ఆయన బావమరిది, అంటే ఈమె తమ్ముడు, ఈ చీర నేసిచ్చాడట.

“మిల్లు మూతవడ్డనాడు మా ఆయన ఏడ్వలే. ఇంటికచ్చి గా చీర కట్టుకొమ్మన్నడు. కట్టుకున్న. జరసేపు చూసిండు. గంతే. మల్ల పోయేదాక ఎన్నడు గా మిల్లు మాట ఎత్తలే” అంది.

నేను ఇంకో చిక్కుడుకాయ తీసుకుని, ఈసారి ఈనె సరిగ్గా తీశాను.

“మేం దాన్ని పట్టు అని చెప్పలే బిడ్డా. ఎన్నడు చెప్పలే. ఆర్టుసిల్కనే చెప్పినం. నకిలీ అన్నది నువ్వు.”

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. చెంపమీద కొట్టినా బాగుండేది. నేను ఏడ్చాను, చిక్కుడుకాయల మీదే ఏడ్చాను. ఆమె చేట కొంచెం పక్కకు జరిపింది. కాసేపయ్యాక లేచి, లోపలికి పోయి పళ్లెంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చింది. వాళ్లు మా ఫంక్షన్‌లో తినకుండా పోయినదాని గురించి ఇద్దరమూ ఏమీ అనలేదు. నేను మాత్రం మెతుకు మిగల్చకుండా తిన్నాను.

చేతులు కడుక్కుంటుంటే వెనక నుంచి అంది, తనకైతే కోపం పోయిందని, కానీ పెండ్లి చేసుకునేది తాను కాదని, వాడు షాపులో ఉన్నాడు పోయి మాట్లాడుకొమ్మని.

లక్ష్మణ్ షాపులో చీకట్లో కూర్చుని ఉన్నాడు, సగం దించిన షట్టరు వెనక, బ్యాటరీల మధ్య. మా మాటలన్నీ విన్నాడని మొహం చూస్తే తెలిసింది. స్టూలు నా వైపు జరిపాడు.

“నీకు గా వాసన తెల్సిందా అప్పుడు?” అని అడిగాడు.

“తెల్సింది.”

“తెల్సినంక గూడ నకిలీ అన్నవా?”

“అన్న.”

“ఎందుకు?”

చాలా కారణాలు ఉన్నాయి. అన్నీ బస్సులో తయారు చేసుకున్నవే. “అందరు నా దిక్కే చూస్తుండ్రు” అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుచేటు కారణం అది. కానీ అదే నిజం.

ఆయన ఒక బ్యాటరీ మీద దుమ్ము చేత్తో తుడిచాడు. అది ముందే శుభ్రంగా ఉంది.

“నాకు కోపం లేదు తిరుమలా. బుగులున్నది, భయమైతది. రేపు నేనేం తెచ్చినా, ఏం మాట్లాడినా, నువ్వు గిట్లనే అంటువెట్టి చూస్తవ్. నలుగుర్ల చెప్తవ్. మా అవ్వ ఎట్లనో గట్లనే ఉంటది, నేనెట్లనో గట్లనే ఉంట. మా ఇద్దర్ల ఏం పట్టు లేదు” అన్నాడు.

చూడనని చెప్పొచ్చు. ఇకమీదట అలా చేయనని ఒట్టు పెట్టొచ్చు. అలా ఒట్టు పెట్టినవాళ్లు వంటింట్లో ఏం చేస్తారో, ఏటా షోన్‌బైన్ కథ చెప్పే నాకు బాగా తెలుసు. అందుకని, మొదటిసారి ఆయన్ని నువ్వు అంటూ, నాకు నిజమని తోచింది చెప్పాను.

“చూస్త. అలవాటు పోదు. గానీ ఏం వాసనచ్చినా నీకొక్కనికే చెప్త.”

లక్ష్మణ్ దుమ్ము తుడిచిన చెయ్యి ప్యాంటుకు రుద్దుకున్నాడు. తర్వాత లేచి, ఇంటి వైపు తలుపు తీసి, “అవ్వా, అయ్యగారికి ఫోన్ చెయ్యి” అన్నాడు. లోపల్నుంచి కనకవ్వ, ఇప్పుడు మూఢం నడుస్తుందని, ఫాల్గుణం దాకా ముహూర్తాలు లేవని, ఈ మాత్రం కూడా తెలియకుండా ఇద్దరికీ ఇన్ని చదువులెందుకని తిట్టింది. తిడుతూనే ఉంది. బస్టాండుకు పోయేదాకా వినిపించింది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. గోదావరి దాటకముందే ఏడుపు మొదలైంది, ఎంత ఆపుకున్నా ఆగలేదు. కొంగు తడిసింది, ముక్కు కారింది, పక్కన కూర్చున్న ముసలామె ఓపిక పట్టీ పట్టీ చివరికి నా భుజం తట్టి, “ఎవలన్న వోయిండ్రా బిడ్డా?” అని అడిగింది.

లేదవ్వా, నా పెండ్లి ఖాయమైందని చెప్పాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, కొంచెం దూరం జరిగి కూర్చుంది.